పరుగు సీటు కోసం మానుకోటకు

మా రేష్మ ఏడో తరగతి చివరి పరీక్ష రాసి వచ్చి, బడి సంచీని మంచం కిందికి తోసేసింది. ఇక ఆ బడికి పోనంది. అనడమంటే నోటితో కాదు, తల అడ్డంగా ఊపింది. తనకు చిన్నప్పటి నుంచి నత్తి. క్లాసులో పాఠం చదివించేటప్పుడు టీచర్లు తన వంతు రాగానే పక్క పిల్లను లేపేవారు. జాలితోనే చేశారు కానీ, ఆ జాలి పిల్ల మనసును కోసేసింది. పరుగులో మాత్రం మా జనగామ గల్లీల్లో తనను అందుకునే వాళ్ళు లేరు.

నేను దర్జీని. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకాయన చెప్పిన కబురుతోనే ఈ ప్రయాణం మొదలైంది. మహబూబాబాద్‌లో ఒక పాత మిషన్ బడి ఉందట. ఆటల్లో నెగ్గిన ఆడపిల్లలకు అక్కడ హాస్టల్ సీటు ఉచితమట. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటాం. క్రిస్టియన్ల బడి ఎందుకని మా అన్న అడ్డం చెప్పాడు. దానికి నా భార్య జమీల, "పిల్ల ఇంట్ల కూసుంటె మీ అన్న వచ్చి సదువు చెప్తడా?" అని నాలుగు రొట్టెలు, టమాటా చట్నీ కట్టి మా చేతికిచ్చింది.

ఉదయం ఆరున్నర ప్రాంతంలో జనగామలో ప్యాసింజర్ ఎక్కాం. ఎండాకాలం కాబట్టి ఎడమ వైపు కిటికీ చూసుకుని కూర్చున్నాం. పొద్దున వరంగల్ దాకా ఎండ అటు తక్కువ. కాజీపేట దాకా పెట్టె సగం ఖాళీయే. వరంగల్‌లో ఒక్కసారిగా నిండింది. ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి మా ఎదురుగా సర్దుకుంది. పేరు ఈరమ్మ. భూపాలపల్లి నుంచి చీకటితోనే బస్సెక్కి వచ్చారట.

"యాడికి పోతున్నరు నాయినా?" అని అడిగింది.

"మానుకోట, మిషన్ బడికి. పరుగు పోటీలున్నయి అవ్వా."

"గా బడికేనా! మా సంధ్య గూడ ఉరుకుతది. తల్లి లేని పిల్ల. దీని తండ్రి బొగ్గు బాయిల పనికి పోతే ఇంట్ల నేనూ ఇదే." తర్వాత రేష్మ వైపు తిరిగింది. "నీ పేరేంది బిడ్డా?"

రేష్మ పెదవులు కదిలాయి. మొదటి అక్షరం దగ్గరే ఆగింది. నేనే అందుకుని పేరు చెప్పాను. సంధ్య తన సంచిలోంచి రెండు మామిడికాయ ముక్కలు తీసి ఒకటి రేష్మకు ఇచ్చింది. నెక్కొండ దాటేసరికి ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర చేరారు. సంధ్య మాట్లాడుతోంది, మాది నవ్వుతోంది.

మానుకోటలో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషన్ బయట టీ తాగి, నలుగురం ఒకే ఆటోలో వెళ్ళాం. బడి ఊరి చివర ఉంది. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఆటోవాలాకు 'పాత మిషన్ బడి' అని చెబితే చాలు.

గేటు దాటగానే ఎదురుగా పెద్ద మైదానం, రెండు ఖోఖో స్తంభాలు, పక్కన లాంగ్ జంప్ ఇసుక గుంట. కొత్త మేడల వెనక ఒక పెంకుల షెడ్డు కనిపించింది. పీఈటీ సారు తల్లిదండ్రులందరినీ నీడకు కూర్చోబెట్టి బడి కథ చెప్పాడు. ఒక పాస్టరుగారి భార్య చుట్టుపక్కల తండాల పిల్లల్ని పోగుచేసి ఆ షెడ్డులోనే అక్షరాలు మొదలుపెట్టిందట. పిల్లలు మధ్యాహ్నానికి పారిపోతుంటే, సాయంత్రం ఆటలుంటాయని ఆశపెట్టి ఆపేదట. "గట్ల ఆటలు ఈ బడితోనే పుట్టినయి. పాటలు గూడ అంతే" అన్నాడు. ఆఫీసు వరండాలో అద్దాల బీరువా నిండా షీల్డులు, గోడల మీద పిల్లలు వేసిన బొమ్మలు, క్రిస్మస్ నాటకం ఫోటోలు ఉన్నాయి. ఒక ఫోటోలో గొర్రెల కాపరి వేషం వేసిన పిల్ల గడ్డం ఊడిపోయి వేలాడుతోంది. రేష్మ దాన్నే చాలాసేపు చూసింది.

పదిన్నరకు పోటీ మొదలైంది. పరుగు కింద ఒక్క సీటే మిగిలిందని సారు ముందే చెప్పాడు. మైదానం చుట్టూ రెండు రౌండ్లు. మొదటి రౌండులో రేష్మే ముందు. నేను లేచి నిలబడి అరిచాను. రెండో రౌండు చివరి మలుపులో సంధ్య పక్కకు వచ్చింది, దాటింది, ముందే గీత తొక్కింది. దాని కాళ్ళకు చెప్పులు కూడా లేవు. ఈరమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. సీటు సంధ్యకే.

"ఇంకింత గట్టిగ ఉరికితే అయిపోతుండె గద" అనేశాను రేష్మతో. అనకుండా ఉండాల్సింది. రొట్టె ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది.

కాసేపటికి వెతకబోతే, పెంకుల షెడ్డు నుంచి హార్మోనియం వినిపించింది. హాస్టల్ పిల్లలు ఒక కీర్తన పల్లవినే మళ్ళీ మళ్ళీ సాధన చేస్తున్నారు. వెనక వరుసలో మా రేష్మ. నోరు తెరిచి పాడుతోంది! పల్లవి మొత్తం, ఎక్కడా ఆగకుండా. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నా బిడ్డ గొంతు అంతసేపు నేనెప్పుడూ వినలేదు.

పాట ఆగింది. హార్మోనియం దగ్గరున్న సంగీతం టీచరు, సారమ్మ గారట, రేష్మను దగ్గరికి పిలిచి పేరు అడిగింది. మళ్ళీ అదే మొదటి అక్షరం, అదే తడబాటు.

"రేష్మ, టీచరమ్మా" అన్నాను.

"నేను మిమ్ముల అడగలె అన్నా" అందామె, కోపం లేకుండానే. పిల్లలందరూ ఊరుకున్నారు. ఎవరూ నవ్వలేదు. రేష్మ పిడికిళ్ళు బిగించి, కళ్ళు మూసి, చివరికి పేరు తనే చెప్పింది.

బయటికి వచ్చాక అడిగాను, "పాటతోని నత్తి పోతదా టీచరమ్మా?"

"పాట పాడేటప్పుడు నత్తి రాదు. చానమందికి గంతే. మాటల పోతదని నేను చెప్ప, అబద్ధమైతది. గని ఆమె చెప్పేదాక మా క్లాసుల ఆగుతం. గంతే నేను చెప్పగలిగేది."

"మేం ముసల్మానులం. ప్రార్థనల..."

"నిలబడితె చాలు. మనసుల మీ దువా మీరు చేసుకోండ్రి. మా దగ్గర గట్ల చేసుకునే పిల్లలున్నరు."

సారమ్మ గారు మమ్మల్ని ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి తీసుకెళ్ళింది. పాటకు ఉచిత సీటు లేదనీ, మామూలు హాస్టల్లో చేర్చుకుంటామనీ, ఫీజు విడతలుగా కట్టుకోవచ్చనీ మేడం చెప్పారు. సోమవారంలోగా కబురు చేయమన్నారు. ఉచితమని వచ్చిన వాణ్ణి, తల ఊపి బయటికి వచ్చాను. గేటు దగ్గర సంధ్య రేష్మను వాటేసుకుంది. ఈరమ్మ, "మా పిల్లకు ఒక తోడు దొరుకుతదనుకున్న నాయినా" అంది. నేను రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపాను.

మూడు దాటాక వచ్చిన రైలెక్కాం. కేసముద్రం వచ్చాక రేష్మకు ఆకలేసింది. రొట్టెలు అప్పుడు తీసింది. రెండు నాకు పెట్టి, రెండు తను తిన్నది. నేను మనసులో లెక్కలేసుకుంటున్నాను. పెళ్ళిళ్ళ కాలంలో ఇంకో కుట్టు మిషను పెడితే, రాత్రిళ్ళు కుడితే ఫీజు వెళ్తుందా అని.

కాజీపేటలో మిర్చి సంచితో ఒక రైతు ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. జఫర్‌గఢ్ వైపు మనిషి. రేష్మ బూట్లు చూసి, "ఆటలకు పోయొస్తున్నవా బిడ్డా? గెల్చినవా?" అన్నాడు.

నా నోటి దాకా వచ్చిన జవాబును మింగేశాను.

"ఓ... ఓ... ఓడిపోయిన" అంది రేష్మ. రైతు సంచి ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు, తొందరేమీ లేదన్నట్టు. "గ... గని గా బడికే పో... పోతున్న. పా... పాట నేర్సుకుంట."

నాకు తను ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు ఆ కొత్త మనిషికి చెప్పింది. ఆయన, "మంచిగ నేర్సుకో తల్లీ" అని కిటికీ వైపు తిరిగాడు. నేను ఫోను తీసి జమీలకు చేశాను.

"ఏమైంది? సీటు దొరికిందా?" అంది.

"దొరకలె. అటక మీది ట్రంకు పెట్టె దించి తుడువు. పిల్ల పోతది."

జనగామలో దిగేసరికి ఇంకా ఎండ ఉంది. మిషన్ బడి గురించి ఎవరైనా అడిగితే నేను మైదానం గురించీ, షీల్డుల గురించీ చెబుతాను. అవీ నిజమే. కానీ ఒక పిల్ల తన పేరు చెప్పేదాకా గదిలో అందరూ ఆగిన చోటు నాకు తెలిసి అదొక్కటే.