గింజలు నిలిచిన చోటు

మా ఊరు పాత చోటు నుంచి కొత్త చోటుకి ఎలా దిగివచ్చిందో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. చూసినవాళ్లం ఇంకా ఉన్నాం. కాని మా దిసారి ముసలివాడైపోయాడు. దిసారి అంటే మా కొండల్లో మంచిచెడ్డలు చూసి, ఊరి దేవుడి పనులు జరిపే పెద్ద. మా అమ్మకి చూపు తగ్గుతోంది. చిన్నపిల్లలేమో, మా ఊరు ఎప్పుడూ ఈ రోడ్డు పక్కనే ఉందనుకుంటున్నారు. ఇంకొన్నేళ్లు పోతే అదే నిజమైపోతుంది.

రాయాలన్న ఆలోచన అన్న కూతురి వల్ల వచ్చింది. పాడేరు జిల్లా కేంద్రమయ్యాక, మన జిల్లా చరిత్ర రాసుకురమ్మని బడిలో చెప్పారట. ఆ పిల్ల నేరుగా నా దగ్గరికి వచ్చింది, ఎందుకంటే మా ఊళ్లో లైబ్రరీ కార్డు ఉన్నది నాకొక్కదానికే. ఈ మాట కొంచెం గొప్పగానే రాస్తున్నాను. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా సంతరోజుల్లోనే. పాడేరులో మిరియాలు అమ్మేసి, తిరుగు జీపు నిండేదాకా లైబ్రరీలో కూర్చునేదాన్ని. జీపు నిండకపోతే నాకంత సంతోషం.

అలా చదివి కొండరాజుల గురించి, పన్నులు వసూలు చేసిన ముఠాదార్ల గురించి, పితూరీలనే తిరుగుబాట్ల గురించి, ఘాటురోడ్డు గురించి, కాఫీ మొక్క మా కొండెక్కిన సంగతి గురించి తెలుసుకున్నాను. మా తాతలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవారు. తర్వాత ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అది ఆంధ్రప్రదేశ్ అయింది, తెలంగాణ వేరుపడింది, చివరికి మా కొండలే ఒక జిల్లా అయ్యాయి. ఇన్ని జరుగుతున్నా మా ఊరు ఒక్క అడుగు జరగలేదు, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. ఇవన్నీ అన్న కూతురికి చెప్పి రాయించాను. అంతా రాసుకున్నాక అది అడిగింది.

“మరి మనూరు ఎవులు ఏసినారత్తా?”

అది ఏ పుస్తకంలోనూ లేదు. జనం వచ్చి కాపురం పెట్టే ముందు ఇక్కడ ఉన్నది ఎవరూ తిరగని అడవి అని మాత్రం ఒకటి రెండు పుస్తకాల్లో ఉంది. నేనూ అదే నమ్మాను. అది నిజం కాదని మా ఊరు కదలాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. ఊరికి పైన, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య, నేల చీలింది. అన్న చీలికలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. ఆఫీసు నుంచి ఇంజినీరు వచ్చి చూశాడు. మళ్లీ వానలొచ్చేలోగా ఊరు ఖాళీ చెయ్యాలన్నాడు. కింద, రోడ్డు పక్కన, గెడ్డకి, అంటే కొండవాగుకి, ఇవతల బయలు స్థలం చూపించాడు. అక్కడ కరెంటు ఉంది, అంబులెన్సు గుమ్మం దాకా వస్తుంది. కింది వరస ఇళ్లవాళ్లు సరేనన్నారు. పై వరసవాళ్లు మాత్రం మా అమ్మ వైపు చూశారు. మా ఇల్లు ఊరు వేసిన ఇల్లు. మొదట వచ్చి, ఊరి నడుమ శంకుదేవుడి రాయి నిలబెట్టింది మా ముత్తాత. ఆ ఇంట్లో ఇప్పుడు పెద్ద మా అమ్మ. అమ్మ కదిలితేనే కదులుతామని వాళ్లు తేల్చేశారు. చీలికకి దగ్గరున్నది ఆ పై వరసే.

అమ్మ రానంది.

“మీరెల్లండి. నా కుండ, నా కంచం ఇక్కడే ఉంతాయి.”

“కొండ నెత్తిమీదకొచ్చీసినాక కంచం ఏటి సేసుకుంతావమ్మా?” అన్నాడు అన్న.

“నువ్వు పుట్టకముందు నుంచి సూత్తంది నన్నీ కొండ. నువ్వు సెప్తే పడతాదేటి?”

నేను కొండచరియల గురించి చదివింది చెప్పబోయాను. అమ్మ చేతిలో చాట కింద పెట్టి నా వైపు తిరిగింది.

“ఇక్కడ మనం ఊరేసినోలం. అక్కడ మనం ఎవులమే, గుంటా?”

రెండు రోజులు పోయాక తనే ఒక మెట్టు దిగింది. “గింజలెట్టి సూడండి. నేల ఒప్పుకుంతే వత్తాను” అంది.

ఊరు వెయ్యాలనుకున్న చోట అడ్డాకు దొప్పలో సామబియ్యం గింజలు కుప్పగా పోసి, సాయంత్రం వదిలేసి రావాలి. కంచె కట్టకూడదు, ఎవరూ కాపలా ఉండకూడదు. పొద్దున్న వెళ్లేసరికి కుప్ప కుప్పగానే ఉంటే నేల ఒప్పుకున్నట్టు. చెదిరితే ఒప్పుకోనట్టు. ఇది విన్నవాళ్లమే గాని చేసినవాళ్లెవరూ లేరు. దిసారి కూడా తన తండ్రి చెప్పగా విన్నదే.

ఆ సాయంత్రం అలాగే పెట్టి వచ్చి, పొద్దున్న అందరం దిగాం. దొప్ప బోర్లా పడి ఉంది, ఒక్క గింజ లేదు.

“ఎలకలు తినేసుంతాయి” అన్నాడు అన్న. “ఇంకో మూల ఎడదాం.”

ఇంకో మూల పెట్టాం. ఈసారి దొప్ప కూడా కనిపించలేదు.

“సీసీ కెమెరా ఎడదామా దిసారి మామా?” అన్నాడు అన్న. పై వరసవాళ్లెవరూ నవ్వలేదు. దిసారి తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

“నేలకి మనం ఎవులమో తెలీదు గావాల” అన్నాడు.

అమ్మ ఇంటికి వెళ్లి పొయ్యి రాజేసింది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం కూడా లేదు. ఆ రోజు నుంచి పై వరసలో సామాను సర్దడం ఆగిపోయింది. ఒకావిడ కట్టిన మూటలు విప్పి గిన్నెలు మళ్లీ అటక మీద పెట్టుకుంటుంటే చూశాను. వేసవి సగం పోయింది. మొదటి జల్లు పడితే ఆ చీలికలోకి నీళ్లు దిగుతాయి.

నాకు చేతనైనది ఒకటే, అడిగి తెలుసుకోవడం. తోటలో మిరియాల తీగకి పాదు చేస్తూ, ఊరు వేసిన కథ మళ్లీ చెప్పమని అమ్మని అడిగాను. రాసుకుంటానన్నాను. కథ చెప్పమంటే అమ్మకి కోపం నిలవదు.

“ఒడిశా వైపు కొండ దాటొచ్చినాడు మా తాత. రెండెడ్లు, ఓ కుక్క, మా అవ్వ. అవ్వ నెత్తి మీద ఇత్తనాల బుట్ట. కుక్కకి కాలు కుంటి. అదెక్కడ కూకుంతే అక్కడే ఆగినారు, అదీ కథ.”

“మరి గింజలు?”

“ఎట్టినారు. సెదిరిపోనాయి.”

నేను పాదు తవ్వడం ఆపాను. “చెదిరిపోయాయా?”

“మొదటిసారి సెదిరిపోనాయి. అప్పుడు మా తాత కింద పొగ కనబడితే దిగెల్లినాడు. గెడ్డ ఒడ్డున ఉన్నారు కదా ఆల్లు, మనకంటే ముందే. కల్లు కుండెట్టి, మీ పైన కూకుంతాం బాబూ అని అడిగినాడు. కూకోండి అని నిప్పిచ్చినారు. సెకుముకి రాయి మొల్లోనే ఉన్నాది మా తాతకి, అయినా ఆల్ల నిప్పే తెచ్చుకున్నాడు. ఆ మర్నాడు గింజలు నిలిచినాయి.”

చెబుతూ చెబుతూ అమ్మ కింద గెడ్డ వైపు చూసింది. గెడ్డ అవతల ఆ ఊరు ఇప్పటికీ ఉంది. ఇంజినీరు చూపించిన బయలులో మేసేవి వాళ్ల ఆవులే.

“కింద జాగా కోసం ఎవుల్ని అడిగినారు మీరు?” అంది అమ్మ.

“అది గవర్నమెంటు స్థలమమ్మా.”

“గవర్నమెంటు ఆవులు ఎక్కడ మేత్తాయి మరి?”

నేను చదివిన పుస్తకాలన్నీ రాజ్యాలు ఎవరు ఎవరి దగ్గర గెలుచుకున్నారో చెప్పాయి. ఊరు వెయ్యడానికి వచ్చినవాడు ముందున్నవాడి గుమ్మం ముందు నిలబడి అడగాలని చెప్పింది ఈ కుంటికుక్క కథే. అంటే మా కొండ కూడా ఎవరూ తిరగని అడవి కాదు. మా కంటే ముందే కింద పొగ లేచేది.

అయితే అడగడానికి ఎవరు వెళ్లాలి? ఊరు వేసిన ఇంటి పెద్ద వెళ్లాలి. అమ్మకి ఇదే కష్టం. ఇన్నాళ్లూ పెళ్లిళ్లలో మొదటి పీట ఆమెది. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లలా వేరే ఊరి అరుగు ముందు నిలబడాలి. రెండు రోజులు ఆమెని ఎవరం కదపలేదు. మూడో రోజు పొద్దున్నే పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, “జీలుగు కల్లు తెచ్చినారా లేదా? బేగి కానీండి, ఎండెక్కిపోతంది” అని అన్న మీద కేకలేసింది. తెమ్మని ఎవరితోనూ చెప్పలేదు మరి. అన్న పరుగెత్తాడు.

గెడ్డ దాటి వెళ్లాం. అమ్మ, దిసారి, అన్న, నేను. ఆ ఊరి పెద్ద అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. అమ్మ వయసే ఉంటుంది. మమ్మల్ని చూసి కూడా పేనడం ఆపలేదు.

“మా బయల్లో దొప్పలెట్టి ఎలిపోతన్నారంట, మీరేనా?”

“మేమే బాబూ” అంది అమ్మ.

“మా ఆవులకి పండగే. రోజూ ఎట్టండి.”

అన్నకి నవ్వాగలేదు. దిసారి మోచేత్తో పొడిచాడు. అమ్మ కల్లుకుండ అరుగు మీద పెట్టి, పక్కన కూర్చోకుండా నిలబడే చెప్పింది.

“మా కొండ సీలిపోనాది. మీ పక్కన కూకుంతాం. మా తాత అడిగినట్టే అడగతన్నాను.”

“మీ తాత నిప్పట్టుకెల్లి మల్లీ తిరిగి సూడనేదని మా అవ్వ తిట్టుకునేది.”

“ఇప్పుడొచ్చినాను కదేటి, తిట్టు.”

పెద్దాయన అప్పుడు నవ్వాడు. తాడు పక్కన పెట్టి లోపలికి చూసి భార్యని పిలిచాడు. తర్వాత చాలాసేపు మాటలు నడిచాయి. వాళ్లకి ఒకటే కావాలి. బయలు మధ్యనుంచి ఆవులు గెడ్డలోకి దిగే బాట మూసెయ్యకూడదు. ఇంజినీరు గీసిన ప్లానులో ఆ బాట మీదే ఒక వరస ఇళ్లు ఉన్నాయి. ఆ వరస జరిపిస్తానని నేను మాటిచ్చాను, జరిపించగలనో లేదో తెలియకుండానే. పెద్దాయన భార్య పొయ్యిలోంచి నిప్పులు తీసి, బూడిద కప్పి, చిన్న కుండలో అమ్మ చేతికిచ్చింది.

“ఈసారి నిప్పట్టుకెల్లి ఊరుకోకు. కూరొండినప్పుడు పంపు” అంది.

ఆ సాయంత్రం మూడోసారి దొప్ప పెట్టాం. పొద్దున్న వెళ్లేసరికి కుప్ప కుప్పగానే ఉంది. ఒక చీమ మాత్రం దాని మీద ఎక్కి దిగుతోంది. దిసారి వంగి చాలాసేపు చూశాడు. “నిలిచినాయి” అని ఆయన అనగానే పై వరసవాళ్లు మూటలు కట్టుకోవడానికి పైకి నడిచారు.

ఆ రాత్రి వాళ్లు ఆవుల్ని గెడ్డ అవతలే కట్టేసుకున్నారని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. నేల ఒప్పుకోవడమంటే ఇదేనని నాకనిపించింది. పక్కవాళ్లు మన గింజలు నిలవనిస్తేనే అక్కడ మనం బతగ్గలం. అమ్మతో అంటే, “నువ్వనుకునేది నువ్వు రాసుకో, నేల అనుకునేది నేలకి తెలుసు” అంది. అందుకని రెండూ రాశాను.

అమ్మ ఆ వారంలోనే దిగింది. నిప్పుకుండతో ముందు ఆమె, వెనక పై వరస అంతా. అప్పటికప్పుడు వేసుకున్న పాకలో మట్టిపొయ్యి తడి ఇంకా ఆరకముందే ఆ నిప్పు పెట్టేసింది. ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. అన్న ఎక్కి చూసొచ్చాడు. పాత ఊళ్లో పై వరస మీదకి మట్టి జారింది. మా పెరటి గోడ, పక్కింటివాళ్ల వంటపాక కనబడటం లేదన్నాడు. అమ్మ విని, లేచి వెళ్లి, పొయ్యి మీదున్న చోడి అంబలి కలిపింది. ఆ సాయంత్రం ఒక గిన్నె కూర గెడ్డ అవతలికి పంపింది.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. కాని ఒకరి పేరు రాసి ఒకరిది మరిచిపోతే సంతలో నన్ను పట్టుకుంటారు, అందుకే పేర్లు లేకుండా మొక్కుతున్నాను. తనకి తెలియనిది తెలియదని చెప్పిన దిసారి మామకి. బాట కోసం ప్లాను తిరగ్గీసిన ఇంజినీరుగారికి. తలుపులు మూసే వేళయినా ఇంకో పేజీ చదువుకోనిచ్చిన లైబ్రరీ అమ్మగారికి. జీపు నిండినా నా కోసం హారన్ కొడుతూ ఆగిన డ్రైవరు తమ్ముడికి. అడగాల్సిన ప్రశ్న అడిగిన అన్న కూతురికి, నవ్వకూడని చోట నవ్విన దాని తండ్రికి. నిప్పిచ్చిన పెద్దమ్మకి, ఆవుల్ని కట్టేసిన పెద్దయ్యకి. కోడిపెట్టల్ని చంకలో పెట్టుకుని అమ్మ వెనకే దిగివచ్చిన పై వరస ఇళ్లవాళ్లందరికీ. మంచి చీర కట్టుకుని అడగడానికి వెళ్లిన మా అమ్మకి.