మాబెల్ ఆపమంటే ఆగే బండి

నడిరోడ్డున ఆగిపోయిన కార్లను మోసుకెళ్ళే బండి ప్రేమ్‌రాజ్‌ది. నాంపల్లి స్టేషన్ దగ్గర నిలబెడతాడు. నేలకు ముద్దుపెట్టేంత కిందికి ఉండే కార్లంటే అతనికి ఒళ్ళుమంట. కొనేటప్పుడు కనపడని నేల వీళ్ళకు స్పీడ్ బ్రేకర్ దగ్గర కనపడుతుందని విసుక్కుంటాడు. అయినా అలాంటి కారు ఆగిపోతే లక్డీకాపూల్ దాకా అందరూ అతన్నే పిలుస్తారు.

ముందు చక్రాలు పైకెత్తి ఈడ్చుకుపోవడం సులువే. కానీ అలా ఎత్తితే వెనక బంపర్ రోడ్డును గీరుకుంటూ పోతుంది. అందుకని ప్రేమ్‌రాజ్ కారు మొత్తాన్నీ బండి మీదికి ఎక్కిస్తాడు. బండి బల్లను వెనక్కి వాల్చి, దాని అంచున చెక్కపలకలు పేర్చి, మోటారు తాడుతో మెల్లగా గుంజుతాడు. ముందు బంపర్‌కూ బల్లకూ మధ్య సందు చూసేది భార్య మాబెల్. వంగి కూర్చుని సందులో చిటికెనవేలు పెట్టేది. వేలు దూరకపోతే "ఆపు" అనేది. అతను ఆపి ఇంకో పలక వేసేవాడు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు గానీ, మాబెల్‌ను చూడాలంటే బంపర్ దగ్గరే చూడాలి. ఇన్నేళ్ళలో ఒక్క కారుకూ గీత పడలేదు.

ఏడాదిగా మాబెల్‌కు మతిమరుపు. కూరలో ఉప్పు మళ్ళీ మళ్ళీ వేస్తోంది. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడే కీర్తన మధ్యలో ఆగిపోయింది. ఇది తగ్గే జబ్బు కాదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది.

"బంపర్ కాడ కూసుంటే ఎప్పటి మాబెలే. జబ్బేంది, గిబ్బేంది?" అని ప్రేమ్‌రాజ్ లేచి వచ్చేశాడు.

ఆ ఒక్క పని చేతనైనంతకాలం ఆమె తనకు మిగిలినట్టే అనుకున్నాడు. అయినా లోపల భయమే. అందుకే ఈమధ్య తాడు గుంజేటప్పుడు ఆమె వైపు చూడటం మానేశాడు. చెవి మాత్రం అటే పెట్టేవాడు.

మొన్న మధ్యాహ్నం అబిడ్స్ పోస్టాఫీసు ముందు అఖిలేష్ అనే అతని ఎర్రకారు ఆగిపోయింది. ప్రేమ్‌రాజ్ పలకలు పేర్చి, మాబెల్‌ను బంపర్ పక్కన కూర్చోబెట్టి, మోటారు మీట నొక్కాడు. కారు కదిలింది. "ఆపు" అనే మాట రాలేదు. సందు ఉందనుకుని ఇంకాస్త గుంజాడు. ఫట్‌మని చప్పుడైంది.

బంపర్ పగిలి వేలాడుతోంది. మాబెల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రేమ్‌రాజ్ పరుగున వచ్చి ముందు ఆమె వేళ్ళు చూశాడు. ఏమీ కాలేదు.

"ఆపమనలేదేంది మాబెల్?"

ఆమె పరాయివాళ్ళను చూసినట్టు మర్యాదగా చూసింది.

"జర మెల్లగ గుంజాలె అన్నా. మా ఆయన గిట్ల గుంజడు."

కట్టుకున్న భార్య నోట ఆ "అన్నా" వినేసరికి అతని గుండె చెరువైంది. కోపంగా వచ్చిన అఖిలేష్ కూడా అతని ముఖం చూసి పక్కకు జరిగాడు.

"మరి మీ ఆయన ఎట్ల గుంజుతడమ్మా?" అని ప్రేమ్‌రాజ్ అడిగాడు.

"నన్నే చూసుకుంట గుంజుతడు."

ప్రేమ్‌రాజ్ కారును కిందికి దింపి, వేలాడే బంపర్‌ను పైకి కట్టి, ఇంకో పలక వేసి, మళ్ళీ మోటారు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఆమెనే చూస్తూ గుంజాడు. బంపర్ బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె పెదవులు కదులుతాయేమోనని ఆశపడ్డాడు. ఆమె కోఠి వైపు పోయే బస్సులను చూసి నవ్వుతోంది.

"ఆపు" అని తనే అనుకుని, ఆపాడు.