కాదనేవాళ్ల కుర్చీ

దేశాలన్నీ కలిసిమెలిసి ఉండాలని ఊళ్లో ప్రచారం చేసే సంఘానికి దర్జీ అక్కే పెద్ద దిక్కు. కుట్టుమిషన్లు గోడవారకు జరిపితే ఆమె దుకాణమే సమావేశ మందిరం. ఆమె పట్టుబట్టి పెట్టిన పద్ధతి ఒకటుంది. ముందు వరసలో ఒక కుర్చీ కాదనేవాళ్లది. అందులో కూర్చున్నవాళ్లు అడగాలి, ఆమే జవాబు చెప్పాలి. ఎంత నోరున్నవాళ్లు వచ్చినా ఆమె ఏనాడూ తడుముకోలేదు.

ఆ సాయంత్రం ఆ కుర్చీలో సొంత అన్న వచ్చి కూర్చున్నాడు. విదేశీ బట్ట వచ్చిపడి అతను పనిచేసే మిల్లు మూతపడినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మిల్లు సంగతే ఎత్తుతాడని ఆమె జవాబు సిద్ధం చేసుకుంది.

"సముద్రాల అవతలివాళ్లతో చేతులు కలపమని మా వీధిలో ప్రతి తలుపూ తట్టావు," అన్నాడు అన్న, గొంతు పెంచకుండానే. "మా తలుపొక్కటే వదిలేశావేం?"

ఆమె లేచి అన్న కుర్చీ దగ్గరికి వచ్చింది.

"తిడతావేమోనని భయం వేసింది అన్నయ్యా."

"తిట్టేవాళ్ల కోసమేగా ఈ కుర్చీ వేసింది!"