మల్కాపురం మార్కు పనీర్ బటర్ మసాలా

హోటల్ కూర తినాలంటే హోటల్‌కే వెళ్ళాల్సిన కాలం అది. ఇప్పుడంటే ఫోను మీద వేలు పెడితే కూరే గుమ్మంలోకి వచ్చి నిలబడుతోంది గానీ, తొంభైల్లో రేవు పక్కనున్న మల్కాపురంలో కాపురం ఉన్నవాళ్ళకి పనీర్ బటర్ మసాలా అంటే ముస్తాబై బస్సెక్కి వెళ్ళాల్సిన యాత్ర. మావారికి పోర్టులో ఉద్యోగం. జీతాలొచ్చిన ఆదివారం నన్నూ అత్తగారినీ వెంటబెట్టుకుని డాబాగార్డెన్స్ వైపు ఒక హోటల్‌కి తీసుకెళ్ళేవారు. మేడ మీద ఏసీ గది, ఎదుటి మనిషి మొహం కూడా సరిగ్గా ఆనని చీకటి (ఏం తింటున్నామో కనిపిస్తే తినమనేమో!). అత్తగారు కొంగు నిండా కప్పుకుని, "ఏటీ సలి? డబ్బులిచ్చి మరీ వణకడమేటి?" అని విసుక్కుంటూ పెరుగన్నంతో సరిపెట్టుకునేవారు. మావారు మాత్రం ఆ ఎర్రటి కూరలో రొట్టె ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఈ రుసి ఇంట్లో సచ్చినా రాదు" అనేవారు.

నాకు అక్కడే ఒళ్ళు మండేది. ఇంట్లో నన్ను గరిటె పట్టనిస్తే కదా, ఏది వస్తుందో ఏది రాదో తెలిసేది! గోదావరి జిల్లా నుంచి కొత్తగా కాపురానికొచ్చిన నన్ను అత్తగారు ప్రేమగానే చూసుకునేవారు. చీరలు కొనిపెట్టేవారు, తలకి నూనె రాసేవారు, పొయ్యి దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. ఉల్లిపాయలు తరగడం, బియ్యం కడగడం, కొబ్బరి కోరడం, అంతవరకే నా రాజ్యం. "అత్తయ్యగారండీ, ఈ పూట పులుసు నేను పెడతానండి" అని నేను గుమ్మంలో నిలబడితే, "నీ అండీలు పులుసులో పడితే పలసనైపోద్ది, ఎల్లి కూకో" అని నవ్వేసేవారు. పుట్టింట్లో పదిమందికి వండి వడ్డించి మెప్పు పొందినదాన్ని, నాకది పెద్ద అవమానంగా తోచేది. రాత్రిళ్ళు మావారికి చెప్పుకుంటే, ఆయన సగం వినేసరికే గుర్రుపెట్టేవారు.

ఒకసారి భోజనాల దగ్గర ఆయన మళ్ళీ ఆ 'సచ్చినా రాదు' పాట ఎత్తుకున్నారు. నా నోరు ఆగలేదు. "నేను చేసి చూపిస్తానండి" అన్నాను. అత్తగారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, నన్ను పైనుంచి కింది దాకా చూశారు. "సరే. వచ్చే నెల రెండో ఆదివారం పెద్దదీ అల్లుడూ సీతమ్మధార నుంచి వత్తన్నారు. సెయ్యి. ఆళ్ళు బాగుందంటే ఇక పొయ్యి నీది. బాలేదన్నారో, మళ్ళీ ఆ మాటెత్తకు" అన్నారు. పెద్దదంటే మా ఆడపడుచు, వదినగారు. అమ్మ చేతిది కాక ఏది తిన్నా వంకపెట్టకుండా చెయ్యి కడుక్కునే మనిషి కాదు. అయినా సరేనన్నాను. ఇరవైరెండేళ్ళ వయసులో ఏ మాటకైనా సరేననడమే పౌరుషం.

ఈసారి జీతాల ఆదివారం హోటల్లో నేను తినడం మానేసి కూరనే పరీక్షించాను. మధ్యలో ఏదో ఆకు పొడి పొడిగా వేళ్ళకి తగిలింది. వడ్డించే అబ్బాయిని పిలిచి ఇదేమిటని అడిగితే, "ఎండు మెంతికూర మేడం, ఆ వాసనంతా దాందే" అన్నాడు. నాకు నిధి దొరికినట్టయింది. మా వీధి కొట్లో అడిగితే కొట్టాయన, "మెంతికూర ఎండిపోతే మేం పారేత్తామమ్మా, అమ్మం" అన్నాడు. దాందేముంది, మనమే ఎండబెట్టుకుందామనుకున్నాను. కట్టలు కొన్నాను, ఆకులు గిల్లాను, కడిగాను. ఆ రోజు అత్తగారు గాజువాకలో పేరంటానికి వెళ్ళారు. నేను చాప పట్టుకుని డాబా ఎక్కాను. రోజూ నాలుగు వాటాలవాళ్ళ బట్టలతో కాలు పెట్టడానికి చోటుండని డాబా మీద, ఆ రోజు ఒక్క తువ్వాలు కూడా లేదు. ఎంత అదృష్టమో అని పొంగిపోయి, చాప నిండా ఆకు పరిచేశాను. వేసవి ఎండ, పైగా రేవు వైపు నుంచి బ్రహ్మాండమైన గాలి. సాయంత్రానికల్లా ఆకు గలగలలాడింది. కాస్త ఎర్రబడింది కూడా. బాగా ఎండితే అంతేనేమో అనుకుని, అరచేతుల మధ్య నలిపి సీసాలో పోసి మూత బిగించాను.

ఆదివారం వచ్చింది. పాలు విరగ్గొట్టి, గుడ్డలో కట్టి, రోటి పొత్రం బరువు పెట్టి పనీర్ చేశాను. అది ముక్కలు కోస్తుంటే కొంత ముక్కలుగానూ కొంత అటుకులుగానూ వచ్చింది. టమాటాలు, జీడిపప్పు, వెన్న, అన్నీ పడ్డాయి. చివరికి సీసా వంచి మెంతికూర మొత్తం దులిపేశాను. ఏం రంగండీ అది! హోటల్లో చీకటి వల్ల కనపడలేదు గానీ, వాళ్ళ కూరకి కూడా అంత రంగు ఉండి ఉండదు. వాసన డాబా మెట్ల దాకా వెళ్ళింది. మావారు గిన్నెలోకి తొంగిచూసి, "అమ్మా, అచ్చం హోటల్దే!" అని కేకేశారు. పొయ్యి నాకొచ్చేసినట్టేనని నేను అప్పుడే మనసులో కూరగిన్నెల స్థానాలు మార్చేస్తున్నాను.

అందరూ కూర్చున్నారు. వడ్డించాను. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది. గదిలో కర్ కర్ మని నమలుతున్న చప్పుడు ఒక్కటే. వదినగారు నమలడం ఆపేసి గోడవైపు చూస్తున్నారు. వాళ్ళాయన పెద్దమనిషి, మెల్లగా అడిగారు: "సెల్లెమ్మా, ఇందులో ఏటేసినావు? పళ్ళ కింద కరకరమంతంది?"

"గసగసాలండి" అన్నాను (నేను వెయ్యలేదు, కానీ మరేం చెప్పను?).

అత్తగారు కూరలో వేలు పెట్టి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వెలుతురులో పెట్టి చూశారు. "మెంతికూర ఎక్కడ ఎండబెట్టినావు?"

"డాబా మీదండి."

"ఏ రోజు?"

"మీరు పేరంటానికి వెళ్ళిన రోజండి. డాబా అంతా ఖాళీగా ఉంటేనూ..."

"ఓలమ్మా! ఆ గాలికి ఎవులైనా గుడ్డ ఆరేత్తారేటే? ఓడలకెక్కించే ఇనప మట్టంతా మన డాబా మీదే కదేటి పడతాది!"

నాకప్పుడు అర్థమైంది, ఆ రోజు ఒక్క తువ్వాలు కూడా ఎందుకు లేదో. రేవు వైపు గాలి తిరిగితే మల్కాపురంలో ఆడవాళ్ళు బట్టలు లోపలే ఆరేసుకుంటారు. గాలి చూసి బతికే ఊరికి, ఎండ చూసి బతికే ఊరి నుంచి వచ్చినదాన్ని, నాకెవరు చెప్పారు?

"బావా, జపానోడికి పంపాల్సిన సరుకు మనం తినేత్తన్నాం" అన్నారు మావారు. అంతే, వాళ్ళ బావగారికి పొలమారింది. ఎప్పుడూ నవ్వని వదినగారు కంచం పక్కకి జరిపి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. అందరూ నవ్వుతుంటే నేను వంటింట్లోకి పారిపోయి, బియ్యం డబ్బా మీద కూర్చుని ఏడ్చాను. పొయ్యి పోయింది. ఇక జన్మంతా కొబ్బరి కోరడమే.

కాసేపటికి అత్తగారు వచ్చారు. ఓదార్చలేదు. గిన్నెలో మిగిలిన కూర వంక చూసి, "ఇన్నేళ్ళు వండినాను. బాగుందనీ అన్లేదు, బాలేదనీ అన్లేదు, తినేసి ఎల్లిపోయేవోరు. ఈ ఇంట్లో కూర గురించి ఇంతసేపు మాటాడుకోడం ఇదే సూడ్డం" అన్నారు. తర్వాత గరిటె కడిగి నా చేతిలో పెట్టారు. "రేపట్నుంచి నువ్వే సెయ్యి. మెంతికూర మాత్రం ఫేను కింద ఎండబెట్టు."

మర్నాడు నేను పొయ్యి ముందు చెమటలు కక్కుతూ మహారాణిలా నిలబడ్డాను. అత్తగారు వీధి గుమ్మంలో గోడకి చేరగిలబడి, కాళ్ళు బారజాపుకుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చున్నారు. ఆవిడ అలా ఊరికే కూర్చోగా నేను చూడడం అదే మొదలు. పాపం, పొయ్యి పోయిందని దిగులు పడుతున్నారు కాబోలని నాకెంత జాలేసిందో! ఓదార్పుగా ఒక కాఫీ కూడా కలిపి ఇచ్చాను. ఇన్నేళ్ళూ ఆ పొయ్యి దగ్గరే నిలబడి, ఇవాళ నడుం పట్టుకుని వంటింటి గోడకి ఆనుకున్నప్పుడల్లా, ఆవిడ మీద జాలిపడిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది.