రెండో ఎక్స్‌రే

పచ్చి ప్లాస్టర్ గట్టిపడుతూ అరచేతికి వెచ్చగా తగిలితే నాకిప్పటికీ సాంబయ్య గారే గుర్తొస్తారు. చిలకలూరిపేటలో ఆయన ఎముకల ఆసుపత్రిలోనే నేను పని నేర్చుకున్నాను. అంత అనుమానపు మనిషిని మళ్ళీ చూడలేదు. తన నీడనైనా నమ్మేవారు కాదు.

మిరప కోతల రోజుల్లో ఒక రైతు, సైకిల్ మీంచి పడ్డ కూతుర్ని తీసుకొచ్చాడు. పదమూడేళ్ళ పిల్ల, మోకాలు బూరెలా ఉబ్బింది. ఎక్స్‌రేలో తేలింది: మోకీలు లోపలి లిగమెంటు, తాను అంటుకున్న చోట కాలి ఎముక ముక్కను పెరుక్కుని లేచింది. ముక్క కదలకపోతే మొదటి రకం, కట్టు చాలు. పూర్తిగా విడిపోతే మూడోది, ఆపరేషన్ తప్పదు. ఈ పిల్లది నడిమిది: ముందువైపు మూతలా లేచి, వెనక అతుక్కుని ఉంది. మత్తిచ్చి, కీల్లో చేరిన నెత్తురు లాగేసి, కాలు చాపి కట్టేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

“మళ్ళీ ఎక్స్‌రే తీయించావా?” అన్నారాయన.

“బాగా కుదిరింది సార్. చేతికి తెలిసింది.”

“చెయ్యి నీదేగా అమ్మా, నీ పక్షమే మాట్లాడుద్ది. పక్క నుంచి తీయించు.”

నాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే ముక్క ఇంకా లేచే ఉంది. కింద ఏదో ఇరుక్కుందనీ, అలాగే వదిలేస్తే పిల్ల కాలు ఇక పూర్తిగా చాపలేదనీ అన్నారు సార్.

ఆపరేషన్ అనేసరికి తండ్రి ముఖం మాడ్చుకున్నాడు. “కట్టు కట్టి, మళ్ళీ కోస్తామంటారేందండీ? నాకెందుకో నమ్మకం కుదరట్లా.”

సార్ కోప్పడలేదు. రెండు ఫిల్ములూ కిటికీకి ఆనించారు. “మార్కెట్ యార్డులో మీ మిరప టిక్కీని పైపైన చూసి కొంటారా?”

“ఎందుక్కొంటారండీ! టిక్కీ సంచి అడుగు నుంచి కాయ లాగి చూస్తారు.”

“మీరు దొంగా? కాదుగా. అడుగున తేముంటే మీకూ తెలీదు. మా డాక్టరమ్మాయి కట్టిన కట్టు పైకి బాగానే ఉంది. ఇదుగో, అడుగు చూడండి.”

నా తప్పును ఆయన దాచలేదు, నన్ను దోషినీ చేయలేదు. రైతు చాలాసేపు చూసి తలూపాడు. తెరిచి చూస్తే, లోపల మెత్తటి మృదులాస్థి అంచు నిజంగానే ముక్క కింద నలుగుతోంది. దాన్ని తప్పించి ఎముకను బిగించాం. మూడో నెలలో ఆ పిల్ల కాలు బారచాపి చూపిస్తే నాకు ఏడుపొచ్చింది.

ఇవాళ మరో పిల్లవాడి మోకాలు కట్టాను. చాలా బాగా కుదిరిందనిపించింది. వెంటనే ఎక్స్‌రేకి పంపాను.