కత్తెర మాస్టారి గది

కత్తెర మాస్టారికి ఏది కనపడినా అందులో సగం తీసేయాలనిపించేది. వ్యాసమైతే పేరాలు, ఉపన్యాసమైతే నిమిషాలు. ఆఖరికి ఎవరైనా "నమస్కారమండీ, బాగున్నారా?" అన్నా, ఆ రెండో మాట దేనికనేవారు. "బాగాలేకపోతే వచ్చేవాణ్ణి కాదుగా!"

ఈ జబ్బు ఆయనకు అంటించింది సముద్రంలో ఉండే ఓ సూక్ష్మజీవి. జీవితమంతా ఆయన దాన్నే చదివారు. దాని జన్యువులన్నీ తిరగేసినా పనికిరాని సామాను దొరకడం కష్టమట. నీళ్ళలో కరిగిన కార్బన్ తుక్కు తింటుంది, కొంత ఒంటికి పట్టించుకుంటుంది, మిగతాది బొగ్గుపులుసు వాయువుగా ఊదేస్తుంది. అలాంటివి కోటానుకోట్లు కలిసి సముద్రంలో కార్బన్ రాకపోకలు నడిపిస్తున్నాయి.

"అంత చాకిరీ చేసేదానికి అంత చిన్న జన్యువుల మూట చాలింది. నీకెందుకయ్యా మూడు పెన్నులు?" అంటూ ఎదుటివాడి జేబులోంచి రెండు లాగేసేవారు.

ఆయన దగ్గర పరిశోధనకు చేరిన అమ్మాయిని అందరూ రేడియో అనేవారు. ఆపే మీట లేదని. ఉప్పూ నిప్పూ ఒకచోట పడ్డాయని ల్యాబంతా సంబరపడింది. మొదటిరోజు మాస్టారి గదికి వెళితే ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కప్పు, ఒక ఎర్ర పెన్సిలు కనపడ్డాయి.

"నేనెక్కడ కూర్చోను మాస్టారూ?"

"కూర్చుంటే మాటలు పెరుగుతాయమ్మా. నిలబడే చెప్పు."

ఆమె మొదటి వ్యాసం ఇరవై పేజీలుగా వెళ్ళి రెండు పేజీలై తిరిగొచ్చింది. రేడియో వెళ్ళి మాస్టారి భార్య దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"నీకు రెండు పేజీలన్నా మిగిల్చారు," అందావిడ. "మా సోఫాకి చేతులు కోయించేశారు. చేతులు మనకున్నాయిగా అంటారు. వచ్చినవాళ్ళు పక్కకి ఒరిగి కింద పడుతున్నారు తల్లీ!"

"ఆయనకి మనసు కూడా సగమే ఉందేమో పిన్నీ," అంది రేడియో ఉక్రోషంగా.

ఆ సూక్ష్మజీవిని గాజు ఫ్లాస్కుల్లో పెంచడం రేడియో పని. వట్టి సముద్రపు నీళ్ళు, అందులో లేశమంత తిండి. అసలే జాలిగుండె, చూసి చూసి ప్రాణం ఉసూరుమంది. మాస్టారు ఊళ్ళో లేని రోజు చూసి అన్నిటికీ దండిగా మేత పోసేసింది. ఆయన వచ్చేసరికి ఫ్లాస్కుల్లో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి.

"మాస్టారూ, పెరిగాయి! ఎంత పెరిగాయో చూడండి, నేను అనుకుంటూనే ఉన్నా, పాపం ఆకలికి అసలు..."

ఆయన ఫ్లాస్కు ఎత్తి వెలుతురులో చూశారు. "ఇవి మనవి కావమ్మా. మనవి పెరిగినా నీళ్ళు తెల్లబడవు. ఏ మూలో నక్కిన తిండిపోతు విందు చూసి మనవాటిని తోసేసింది."

రేడియో ముఖం మాడిపోయింది. చీవాట్లు తప్పవనుకుంది. మాస్టారు వాటినీ కత్తిరించేశారు.

"మళ్ళీ మొదలుపెట్టు," అన్నారంతే.

ఆమె జాలి కట్టిపెట్టి, చెయ్యి కట్టుకుని మళ్ళీ పెంచింది. నెలల తర్వాత మైక్రోస్కోపు కింద అసలువి మెల్లగా కనపడసాగాయి. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు ఊడిపడ్డారు.

ఆయనకు చేర్చడమే గాని తీసెయ్యడం తెలియదు. బిరుదులు ఒక పలకకి చాలక రెండోది తగిలించుకున్న మనిషి. ఈసారి ఓ పెద్ద యంత్రం తెప్పించారు. అదేం చేస్తుందో ఎవరికీ తెలియదు గాని, ప్రారంభోత్సవానికి రిబ్బను మాత్రం ముందే వచ్చింది. ఇక యంత్రానికి గది కావాలి. ఆయన అంతస్తు పటం బల్లమీద పరిచారు.

"ఫ్లాస్కుల గది ఖాళీ చేయించండి. నీళ్ళేగా, ఎక్కడైనా పెట్టుకోవచ్చు."

ఆ గది చల్లదనం, ఆ వెలుతురు లేకపోతే ఫ్లాస్కుల్లోవి బతకవు. ఇన్నాళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. రేడియో నోరు తెరిచింది గాని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట రాలేదు.

"ఏమంటారు మాస్టారూ? కత్తిరించడంలో మీకు సాటెవరు?" అన్నారు డైరెక్టరు.

మాస్టారు ఎర్ర పెన్సిలు తీశారు. ఆ పెన్సిలు దెబ్బ తిన్న రేడియో కళ్ళు మూసుకుంది. గర్రున గీత పడిన చప్పుడు వినపడింది.

కళ్ళు తెరిచి చూస్తే ఫ్లాస్కుల గది పదిలంగా ఉంది. గీత మాస్టారి గదిమీద ఉంది.

"ఈ అంతస్తులో పని చెయ్యని జన్యువు ఇదొక్కటే," అన్నారాయన.

డైరెక్టరు తెల్లబోయారు. "మరి మీరెక్కడ ఉంటారండీ?"

"మా సూక్ష్మజీవి కొన్ని పదార్థాలు తను తయారుచేసుకోదండి. ఇరుగుపొరుగు వదిలినదాంతో గడిపేస్తుంది. నేనూ అంతే."

గది ఖాళీ చెయ్యడం చిటికెలో అయిపోయింది. బల్ల దండగన్నారు. ఫ్లాస్కుల గది బయట వరండాలో కుర్చీ వేసుకుని, ఎవరి బల్ల మూల ఖాళీగా ఉంటే అక్కడ రాసుకునేవారు. ఆయన గదిలో యంత్రం అట్టపెట్టె విప్పకుండానే హాయిగా కాపురం పెట్టింది.

మనసు సగమే ఉందన్నందుకు రేడియో నాలిక కరుచుకుంది. వెళ్ళి ఆయనముందు నిలబడింది.

"మాస్టారూ, మీరు చేసింది ఈ జన్మలో మర్చిపోలేను, మా ఇంట్లోవాళ్ళు కూడా నాకోసం ఇంత, అసలు మీలాంటివాళ్ళు..."

"సగం కొట్టెయ్."

"మీరు చేసింది మర్చిపోలేను మాస్టారూ."

"అందులో సగం."

రేడియో లోపలికెళ్ళి తన కుర్చీ ఈడ్చుకొచ్చింది. ఆయన పక్కన వేసుకుని, అడగకుండానే కూర్చుంది.

మాస్టారు ఆ రెండో కుర్చీకేసి కాసేపు చూశారు. పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు.

"సరే, ఇప్పుడు చెప్పు," అన్నారు. "మొత్తం."