సాలు తప్పిన పన్ను

నాకు కింది పాలపన్ను ఊడకముందే దాని వెనుక ఇంకోటి వంకరగా మొలిచింది. అప్పుడు నాకు ఏడేళ్ళు. మాది హళ్ళిఖేడ్ దగ్గరి పల్లె, ఇంకా మైసూరు రాష్ట్రం. బడిలో పిల్లలు నోరు తెరిచి చూపించమని వెంటపడేవాళ్ళు. నేను నవ్వడమే మానేశాను.

మా అవ్వకు, అంటే నాన్న తల్లికి, అదొక చిక్కే కాదు. ఏటేటా జొన్నచేనులో చేసే పనే. విత్తిన వరుసలో, అంటే సాలులో, నిలిచింది ఉంటుంది, సాలు తప్పి మొలిచింది పోతుంది. నన్ను మన్నాఏఖేళ్ళి సంతకు తీసుకెళ్ళి, గోనెపట్టా మీద పీకిన పళ్ళు పరుచుకుని కూర్చున్నాయన ముందు కూర్చోబెట్టింది.

"ఏది పీకాలె, అవ్వా?" అన్నాడాయన.

"ఎన్కది. ముంగటిది సక్కగున్నది, దాని జోలికి పోకు."

ఆయన వెనకదాన్ని పట్టి పీకేశాడు. నేను చావుకేక పెట్టాను. ఇంటికొచ్చాక అవ్వ ఆ పన్నును నా చేత మిద్దె మీదికి విసిరించి, "ఏసయ్యా, మంచి పన్ను ఇయ్యి" అనిపించింది. ఆదివారం చర్చి బయట నా గడ్డం పట్టుకుని, "సూడుండ్రి నా బిడ్డ పలువరుస!" అని అందరికీ చూపించింది. నాకూ గర్వంగానే ఉండింది.

రాష్ట్రం పేరు కర్ణాటక అయిన కొత్తల్లో, దవడపన్ను నొప్పి పెడితే అవ్వ నన్ను బీదర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నోట్లోకి చూసి కన్నడంలో చెప్పాడు. ముందు మిగిలింది పాలపన్నట. పీకించుకున్నదే అసలుదట. అక్కడ ఇంక మళ్ళీ మొలవదట. నాకు ఒళ్ళు మండిపోయింది. విసురుగా అవ్వ వైపు తిరిగాను.

అవ్వకు కన్నడం అంతంతమాత్రం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమంటుండు బిడ్డా?" అంది భయంభయంగా. ఆ ముఖం చూశాక నా కోపం నిలవలేదు.

"ముంగటి పన్ను మంచిగ నిలబెట్టినవంటుండు, అవ్వా."

"మరి! నేను చెప్పలే?" అంది. బస్టాండు దాకా అదే మాట.

అప్పటినుంచి ఆ పంటితో చెరకు కొరకలేదు. ప్రార్థనలో అడిగిందల్లా అవ్వ ఉన్నన్నాళ్ళూ అది ఊడొద్దనే. ఊడలేదు.

ఆమె పోయిన మరుసటి ఏడు జొన్నరొట్టె తింటుంటే ఊడి చేతిలోకొచ్చింది. అక్కడ మొలిచేదేమీ లేదని తెలిసీ మిద్దె మీదికి విసిరాను. ఏసయ్యను పన్ను అడగలేదు. అవ్వ కావాలని ఏడ్చాను.